ఆయన కట్టిన అంటు

సుబ్బులుగారు నేలలో మొక్క నాటగా ఎవరూ చూడలేదు. మొక్కలమ్ముకుని బతికే మనిషి గురించి ఇలా చెప్పడం విడ్డూరంగానే ఉంటుంది. నాచారం నుంచి మల్లాపూర్ పోయే దారిలో, ఫ్యాక్టరీల గోడలు మొదలవకముందు, ఎడమచేతి వైపున్న ఖాళీ జాగాలో ఆమె నర్సరీ ఉండేది. గులాబీలు, మందారాలు, కరివేపాకు, జామ, సపోటా, గేటు పక్కన పెట్టుకునే క్రోటన్లు, మామిడి అంట్లు, అన్నీ నల్ల ప్లాస్టిక్ సంచుల్లో బారులు తీరి ఉండేవి. ఒక్కదాని వేరు కూడా అక్కడి నేలను తాకకూడదు. అది ఆమె భర్త వెంకటరామయ్యగారు పెట్టిన నియమం.

వాళ్లది తూర్పుగోదావరిలో కడియం పక్కన పల్లె. అక్కడ ఇల్లిల్లూ నర్సరీయే. అన్నదమ్ముల మధ్య నలిగిన చిన్న పొలం చెక్కను వదిలేసి, రెండువేల ఒకటిలో ఒక లారీ మొక్కలతో ఆలుమగలిద్దరూ ఉప్పల్‌లో దిగారు. పిల్లలు లేరు. అప్పటికి ఈ వైపంతా కాలనీలు లేస్తున్నాయి. ఇల్లు కట్టుకున్నవాడు గృహప్రవేశం కాకముందే ఒక మొక్క కోసం వెతుక్కుంటాడని వాళ్లకెవరో చెప్పారట.

జాగా ఉమామహేశ్వర్‌ది, నాచారంలో పాత కుటుంబం. ఇచ్చేటప్పుడే మాట తేల్చేశాడు. “గుంత తవ్వొద్దు, గోడ కట్టొద్దు, చెట్టు పెట్టొద్దు. మేం అడిగిననాడు ఖాళీ జెయ్యాలె. గంతే అన్నా.” కాగితాలేవీ లేవు. వెంకటరామయ్యగారు సరేనన్నారు. ఆయన సరేనంటే ఇక అది రాతి మీద చెక్కినట్టే.

నిజానికి ఆ షరతు లేకపోయినా ఆయన పద్ధతి అదే. మొక్క సంచి అడుగున నీళ్లు పోవడానికి చిల్లులుంటాయి. సంచిని నెలల తరబడి ఒకేచోట వదిలేస్తే ఆ చిల్లుల్లోంచి వేరు బయటికొచ్చి నేల పట్టుకుంటుంది. అప్పుడు చూడాలి, మొక్క మిసమిసలాడుతూ పక్కవాటికన్నా జానెడు ఎత్తు పెరుగుతుంది. కొనవచ్చినవాళ్ల కన్ను తిన్నగా దాని మీదే పడుతుంది. ఎత్తి ఆటోలో పెట్టేటప్పుడు ఆ వేరు పుటుక్కున తెగుతుంది, ఇంటికెళ్లాక మొక్క వాడిపోతుంది. తమ చెయ్యి మంచిది కాదనుకుని వాళ్లు ఊరుకుంటారు.

“ఆ ఊరుకోవడం ఉంది చూశారూ, దాని మీద మేడలు కట్టేసినోళ్లున్నారండీ,” అనేవారు వెంకటరామయ్యగారు.

అందుకని ఆయన దగ్గర నెలకోసారి ప్రతి సంచీ కదలాల్సిందే. అమావాస్యనాడు ఆయన అంటు కట్టరు, బేరం చెయ్యరు. ఆ రోజు పొద్దున్నించీ ఇదే పని. సంచి ఎత్తడం, అడుగు తడిమి చూడడం, తొంగిచూసిన వేరు కత్తిరించడం, కాస్త అవతల పెట్టడం.

ఈ పనికి చెంగిచెర్ల నుంచి మల్లవ్వ వచ్చేది. సుబ్బులుగారి ఈడు మనిషి. వాళ్లు కౌలుకు చేసుకునే పొలాలన్నీ ప్లాట్లయ్యాక కూలికి ఇటు పడింది. సుబ్బులుగారికి తెలంగాణ మాట నేర్పింది ఆమే. నేర్పిందంటే, తిట్టి నేర్పింది.

“ఏం మనుషులో ఏమో సుబ్బక్క,” నడుం పట్టుకుని నిలబడి అనేది. “మీ లెక్కనే మీ చెట్లకు గూడ కాళ్లల్ల సక్రాలుండాలెనా? నెలకోపారి జాగ మారకుంటే మీకు నిద్రవట్టదా?”

“నీకు బాగానే పడుతుందిగా, ఆ కరివేపాకు చాటున! మధ్యాన్నం నీ గురక రోడ్డు దాకా వినపడింది.”

“గది నేను గాదు, మీ ఆయన.”

“మా ఆయన గురక నాకు తెలీదటే?”

“గట్లయితే గా కుక్కది,” అని నవ్వి మల్లవ్వ మళ్లీ వంగేది.

వెంకటరామయ్యగారి అంట్లకి పేరుండేది. టెంక నాటి పెంచిన మామూలు మామిడి మొక్క తల కోసేసి, దాని మీద మంచి రకం చెట్టు పుల్లను చెక్కి కూర్చి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టడం ఆ పని. కిందిది నీళ్లు తాగుతుంది, పైది కాయలు కాస్తుంది. ఏడాది తిరిగాక కట్టు ఎక్కడుందో వేలితో తడిమినా దొరక్కూడదని ఆయన పట్టుదల. సుబ్బులుగారు సంచులు నింపడం, నీళ్లు పెట్టడం, బేరాలు చూసేవారు. అంటు మాత్రం ఆయనదే. “నేనూ కట్టగలనండీ, మా నాన్న నేర్పారు. ఆయన కట్టేది చూశాక నాకు సిగ్గేసి మానేశాను” అని, మొక్కల కోసం అక్కడికి వెళ్తుండే నాతో ఆమె అన్నారోసారి.

రెండువేల ఆరు వానల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమచెయ్యి పడిపోయింది, మూతి ఒక పక్కకి జారింది. దవాఖానా నుంచి వచ్చాక గ్రీన్‌నెట్ కింద కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తుండేవారు. కొనడానికి వచ్చినవాళ్లు పలకరిస్తే తల ఊపేవారు, మాట వచ్చినా మాట్లాడేవారు కాదు. మొక్కల వైపు అసలు చూసేవారు కాదు. సుబ్బులుగారిని భయపెట్టింది అదే.

మరుసటి ఏడు తొలకరి పడ్డాక ఒక పొద్దున ఆయన ఉన్నట్టుండి, “సుబ్బులూ, టెంక మొక్కలొక వరస నా దగ్గరికి జరుపు,” అన్నారు.

ఊరి నుంచి కొత్తపల్లి కొబ్బరి పుల్లలు వచ్చున్నాయి, తడిగుడ్డలో చుట్టి. పీచులేని తియ్యటి మామిడి, వాళ్ల వైపు ఇష్టంగా తినే రకం. ఆయన సంచిని మోకాళ్ల మధ్య ఇరికించుకున్నారు. కుడిచేత్తో టెంక మొక్క తల కోశారు. పుల్ల చెక్కడానికి దాన్ని ఎడమచంకలో నొక్కిపెట్టారు. కూర్చి, పట్టీ కొస పళ్లతో పట్టుకుని, మెడ తిప్పుతూ చుట్టడం మొదలుపెట్టారు. చొంగ కారి పట్టీ జారుతోంది. సుబ్బులుగారు ఉండబట్టలేక చెయ్యి సాచారు.

“చెయ్యి తియ్యి.”

తీసేశారు. ఆయన ఆ వరసంతా అలాగే కట్టారు. మధ్యాన్నానికి పెదవి తెగింది. మల్లవ్వ దూరంగా నిలబడి చూస్తూ, “ఏడ్వకు సుబ్బక్క, సూస్తడు,” అని మాత్రం అంది.

నెల తిరిగేసరికి పుల్లలు ఒక్కొక్కటే నల్లబడిపోయాయి. ఒకే ఒక్కటి కన్ను తెరిచి రాగిరంగు చిగురు పెట్టింది. కట్టు మాత్రం ఘోరంగా వచ్చింది. బుడిపె కట్టి, పైమొక్క ఒక పక్కకు ఒరిగి, తర్వాత ఎప్పుడో తేరుకున్నట్టు నిటారుగా లేచింది. ఆయన దాన్ని దగ్గరికి తెప్పించుకుని చాలాసేపు చూశారు.

“అచ్చం నా మూతిలాగే ఉందే,” అన్నారు.

ఏడాది తర్వాత ఆ మనిషి నవ్వింది అప్పుడే. ఆ రోజు నుంచి కుర్చీ మొక్కల వైపు తిప్పించుకున్నారు. ఎవరైనా దాన్ని చూసి, “ఇది వంకరండీ, తగ్గించి ఇస్తారా?” అంటే, “అది బేరానికి కాదు, నాది,” అనేవారు. ఆయన దేన్నైనా నాది అనడం సుబ్బులుగారు వినడం అదే మొదలు. మొక్కని పెద్ద సంచిలోకి మార్పించారు, తర్వాత ఇంకా పెద్దదాంట్లోకి. అమావాస్యనాడు ముందు అదే జరగాలి.

రెండువేల ఎనిమిదిలో శివరాత్రి ముందు రెండోసారి వచ్చింది పక్షవాతం. ఈసారి దవాఖానా దాకా కూడా పోలేదు.

సుబ్బులుగారి తమ్ముడు వచ్చి ఊరికి రమ్మన్నాడు. “అక్కడికొచ్చి ఏం చెయ్యన్రా? మీ తోటల్లో మీ సంచులు నింపాలి. ఇక్కడైతే నావి నేను నింపుకుంటాను,” అన్నారామె. మాట అలా అన్నారు గానీ కారణం ఇంకోటుందని మల్లవ్వ అనేది. ఆయన పోయాక సుబ్బులుగారు పొద్దున్నే ఆ మామిడి మొక్క దగ్గరకెళ్లి, కట్టు దగ్గర బుడిపెను బొటనవేలితో ఒకసారి రాసి, ఆ తర్వాతే మోటారు వేసేవారట.

ఆ తర్వాతి వేసవిలో ఆ మొక్క కొమ్మల్లో పిగిలిపిట్ట గూడు పెట్టింది. తోక కింద ఎర్రగా, నెత్తిన నల్లటి కుచ్చుతో ఉంటుంది కదా, అది. గిన్నెలా పుల్లలల్లి, సాలెగూడు పట్టించి, మధ్యలో చాక్లెట్ కాగితం కూడా ఒకటి పెట్టుకుంది. అమావాస్య వచ్చింది. ఇద్దరూ మొక్కకు చెరో వైపు నిలబడి సంచి అంచులు పట్టుకున్నారు.

“ఆగు సుబ్బక్క. గుడ్లున్నయ్. కదిలిస్తే ఇడిసిపెడ్తది.”

సుబ్బులుగారు తొంగిచూశారు. చింతపిక్క రంగు చుక్కలున్న గుడ్లు. పిట్ట ఎదురుగా తీగ మీద కూర్చుని తిట్టిపోస్తోంది.

“సరేలే. వచ్చే అమావాస్యకి జరుపుదాం.”

వచ్చే అమావాస్యకి పిల్లలెగిరిపోయాయి గానీ అదే గూటి పక్కన ఇంకోటి మొదలైంది. తర్వాత వానలు. వానల్లో అమ్మకాలెక్కువ, సంచులు జరిపే తీరిక తక్కువ. తర్వాత బందులు, రాస్తారోకోలు. ఒక్కోసారి మల్లవ్వకు వారమంతా బస్సు దొరికేది కాదు. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ మిగతా సంచులన్నీ ఎలాగోలా జరుగుతూనే ఉన్నాయి, అదొక్కటే జరగలేదు. మళ్లీ వేసవికి మళ్లీ పిగిలిపిట్ట. అదే పిట్టో, దాని పిల్లో.

ఒక ఏడు మే నెలలో మోటారు కాలిపోయింది. బాగయ్యేదాకా బిందెలతో మోసి పోసినా గులాబీలు తలలు వాల్చేశాయి, సపోటాలు ఆకు ముడుచుకున్నాయి. ఈ మామిడి మాత్రం కొత్త చిగురు తొడిగి మెరుస్తోంది. దాని వంతు నీళ్లు కూడా గులాబీలకే పోశారు.

మల్లవ్వ చూసింది. “సుబ్బక్క, గిది ఏం దాగుతున్నది?”

“మంచు తాగుతోందేమోలే.”

“మే నెలల మంచా?”

“నోరు మూసుకుని నీళ్లు పొయ్యవే.”

మొక్క అలా మిసమిసలాడితే ఏమిటర్థమో ఆ నర్సరీలో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఇక ఆ మాటెత్తలేదు. సుబ్బులుగారు అప్పట్నించి ఆ మొక్కకు రోజూ చెంబుతో నీళ్లు పోయడం మొదలుపెట్టారు, అది ఆ చెంబు నీళ్ల మీదే బతుకుతున్నట్టు.

రెండువేల పధ్నాలుగు మాఘమాసంలో ఉమామహేశ్వర్ వచ్చాడు. అతనికీ జుట్టు నెరిసింది. ఎప్పుడూ బండి మీదే ఉండి మాట్లాడేవాడు, ఆ రోజు దిగి, స్టాండు వేసి, “అక్కా, ఛాయ్ పోయించవా?” అన్నాడు. ఛాయ్ అయిపోయే దాకా ఎండల గురించే మాట్లాడాడు.

“మేం అన్నదమ్ములం పంచుకున్నం అక్కా. అపార్ట్‌మెంట్ గడ్తరంట. నేనైతే ఇంకో రెండేండ్లు ఉండనియ్యిన్రి అన్న. నా మాట సాగలే. ఏమనుకోకు.”

“ఏమనుకుంటాను తమ్ముడూ? అడిగిన రోజు ఖాళీ చెయ్యాలనే కదా మాట. చేస్తాం. తొలకరి దాకా మాత్రం ఉండనివ్వు. ఒక చెట్టు ఉంది.”

“చెట్టా? చెట్టు పెట్టొద్దన్న గదక్కా.”

“పెట్టలేదు,” అన్నారు సుబ్బులుగారు. “అదే పెట్టుకుంది.”

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి, లేచి ఆ మామిడి దగ్గరకు నడిచాడు. సంచిని కాలితో మెల్లగా నెట్టాడు. కదల్లేదు. వంగి ఇంకాస్త నెట్టాడు. “పెద్దాయన కట్టింది గదా గిది?” అన్నాడు. తమ్ముళ్లతో మాట్లాడి తొలకరి దాకా గడువు తెచ్చాడు.

సంగతి తెలిసి సుబ్బులుగారి తమ్ముడు ఊరి నుంచి ఫోను చేశాడు. “వెళ్లగొట్టేస్తున్నారంటగా అక్కా? రాష్ట్రం వేరైపోతోందని టీవీలో రోజూ అదే గొడవ.”

“టీవీలో నా నర్సరీ చూపించారేంట్రా? అపార్ట్‌మెంట్ కట్టుకుంటున్నారు. నువ్వైనా కట్టుకుంటావు.”

పక్కనే ఉన్న మల్లవ్వకు అంతా వినపడింది. “మా చెంగిచెర్లల మమ్ముల ఎల్లగొట్టి ప్లాట్లు జేసిన్రు. మేమేడి ఆంధ్రోళ్లం? మీ తమ్మునికి జెప్పు,” అంది.

బోడుప్పల్ దాటాక రోడ్డు వార ఇంకో జాగా దొరికింది. మిగతా మొక్కలు తరలించడం పెద్ద పని కాదు, పుట్టినప్పట్నించీ ప్రయాణానికి సిద్ధంగా ఉన్నవే. ఉన్నదల్లా ఈ ఒక్క చెట్టు. నేల పట్టిన చెట్టును లేపడానికి ఓపిక కావాలి. ముందు చుట్టూ సగం మేర గాడి తీసి వేళ్లు కోసి, ఎరువుమట్టి నింపి తడిపి ఉంచాలి. కోసిన చోట సన్నటి పిల్లవేళ్లు వచ్చేదాకా ఆగి, అప్పుడు రెండో సగం కోయాలి. దానికీ పిల్లవేళ్లు వచ్చాక, ఆఖర్న అడుక్కి దిగిన తల్లివేరు. ఆ లెక్కకి తొలకరి సరిపోతుంది, ఏ అడ్డమూ రాకపోతే.

నేను అడిగాను, దాని పుల్లలు కోసి వేరే టెంకల మీద కట్టించుకోవచ్చు కదా అని.

“కట్టించొచ్చు బాబూ. రకం వస్తుంది. రకానికేం, మా ఊళ్లో తోటల నిండా ఉంది. ఆయన కట్టిన కట్టు రాదుగా.”

శివరాత్రి వెళ్లాక మొదటి సగం కోశారు. చెట్టు తట్టుకుంది. నాలుగాకులు పండి రాలాయి, అంతే. ఉగాది దాటింది, రెండో సగం మొదలుపెట్టాల్సిన రోజున గడ్డపారతో వచ్చిన మల్లవ్వ అక్కడే నిలబడిపోయింది. కొమ్మల్లో పిగిలిపిట్ట పుల్లలు పేరుస్తోంది.

ఈసారి ఆగమన్నది మల్లవ్వ కాదు. “సుబ్బక్క, జర నా మాట ఇను. పిట్టకు నాచారమంత చెట్లే. నీకు గిదొక్కటే. తవ్వుదాం పా.”

“రెండో సగం కూడా కోస్తే ఆకు రాలుద్ది. ఆకు రాలితే గూడు ఎండలో పడుద్ది. పిల్లలెగిరిపోనీ.”

“పొయ్యినోని కోసం జూస్తవా, పిట్ట కోసం జూస్తవా?”

సుబ్బులుగారు గడ్డపార అందుకుని అవతల పెట్టేశారు. పిట్ట గుడ్లు పెట్టింది, వాటిని కాకి తినేసింది. తల్లి నాలుగు రోజులు తిరిగి తిరిగి, ఇంకో కొమ్మ మీద మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడైనా తవ్వేయాల్సింది. ఆమె తవ్వలేదు. ఎందుకని అడిగితే, “ఇన్నేళ్లు దాని పేరు చెప్పే కదండీ జరపలేదు. ఇప్పుడు దాన్నెలా పొమ్మంటాం?” అన్నారు. మే నెల సగం గడిచాక ఆ పిల్లలు ఎగిరాయి. ఆ సాయంత్రమే రెండో సగం కోశారు. పిల్లవేళ్లు పుట్టాలంటే వానలు రావాలి. పైన రోహిణి ఎండలు మొదలయ్యాయి.

వాన రాలేదు గానీ బోరుబండి వస్తోందని కబురొచ్చింది. ఉమామహేశ్వర్ ఫోనులో గొణిగాడు. “మా చిన్న తమ్ముడు మాట్లాడిండక్కా. ఎల్లుండి పొద్దుగాల్నే దిగుతది. ఆ మూలకే బోరు పాయింట్ పెట్టిన్రు. నేను మస్తు జెప్పిచూసిన.”

“నువ్వు చెప్పావు తమ్ముడూ. అది చాలు.”

జూన్ రెండున, తెలంగాణ వచ్చిన రోజున, చెట్టును లేపారు. ఊరంతా డప్పులు, టపాసులు. ట్రాలీ ఆటో దొరకడమే గగనమైంది. కూలివాళ్లు చుట్టూ తవ్వి, వేళ్లు పట్టిన మట్టిగడ్డ విడిపోకుండా గోనెపట్టాలు చుట్టి తాళ్లు బిగించారు. కింద తల్లివేరు మణికట్టంత లావున తిన్నగా దిగిపోయి ఉంది. గొడ్డలి ఎత్తినవాడిని సుబ్బులుగారు ఆపారు.

“నాకియ్యి బాబూ.”

గుంతలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని ఆమే కొట్టారు. ఒకేసారి తెగలేదు. పచ్చి మామిడి జీడివాసన గుప్పుమంది. తెగాక చెట్టు కొద్దిగా కంపించి ఒక పక్కకు ఒరిగింది. మల్లవ్వ దాన్ని భుజంతో కాసింది.

ఆటో ఉప్పల్ చౌరస్తా దగ్గర ఇరుక్కుపోయింది. ర్యాలీలు, జెండాలు, గాలి నిండా గులాబీరంగు గులాల్. చెట్టును పట్టుకుని ఇద్దరూ ట్రాలీలో ఎండలో నిలబడ్డారు. ఒక కుర్రాళ్ల గుంపు చుట్టూ చేరి ఆడుతూ ఇద్దరి మీదా, చెట్టు మీదా గులాల్ చల్లింది.

“ఎటు వోతున్రు పెద్దమ్మా చెట్టు వట్టుకోని? ఆంధ్రకా?”

“బోడుప్పల్‌కు పోతున్నం, నడువ్!” అని అరిచింది మల్లవ్వ. “జై తెలంగాణ అనుడు గాదు బిడ్డా, ఆటోకు తొవ్వియ్యిన్రి. చెట్టు ఎండుతున్నది!”

కుర్రాళ్లు నవ్వి, నిజంగానే ఈలలేస్తూ దారి చేశారు. ఒకడు నీళ్ల ప్యాకెట్ కొరికి చెట్టు మొదట్లో పిండాడు. మల్లవ్వ ఆ గొడవలోనే డప్పుకు రెండడుగులు వేసింది కూడా. ఆమెకు అది పండగ. సుబ్బులుగారు కొమ్మ వదలకుండా నవ్వారు. జాగా చేరాక ఆకుల మీది రంగు కడగడానికే ఆమెకు పొద్దుగూకింది. రంగుకింద ఆకు వేలాడిపోయి ఉంది.

పదిరోజుల్లో ఆకంతా రాలిపోయింది. అదేం కంగారు పడాల్సింది కాదని నాతో చెప్పారు. లేపిన చెట్టు ఆకు రాల్చి, బతికితే మళ్లీ కన్ను తెరుస్తుంది. పెద్ద సంచిలో కూర్చోబెట్టి, నెట్ కట్టి, కాండానికి తడి గోనెగుడ్డ చుట్టి, పూటపూటా తడిపారు. వానలు సరిగా పడలేదు ఆ ఏడు. ఆషాఢమూ వచ్చింది. ఒక పొద్దున మల్లవ్వ కేక వేసింది.

“బతికింది! సుబ్బక్కా, బతికింది! ఇగురొచ్చింది!”

సుబ్బులుగారు చేతిలో పైపు పడేసి పరుగెత్తుకొచ్చారు. రాగిరంగు చిగురు, రెండు వేళ్లంత. గోనెగుడ్డ విప్పి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూశారు. బుడిపె పైనుంచి కాదు. కిందనుంచి.

“ఏందే గట్ల జూస్తున్నవ్?”

“ఇది ఆయనది కాదే. కింది టెంక మొక్కది.”

అంటు మొక్కకి కట్టు కింద నుంచి చిగురొస్తే వెంటనే గిల్లెయ్యాలి. లేకపోతే బలమంతా అదే లాక్కుని పైదాన్ని చంపేస్తుంది. నర్సరీలో పుట్టిపెరిగినవాళ్లకి ఇది ఆలోచించి చేసే పని కాదు, కంట్లో నలుసు పడితే రెప్ప మూసినట్టు వేళ్లు వాటంతటవే పోతాయి. సుబ్బులుగారి వేళ్లు అలాగే వెళ్లాయి. గిల్లేశారు.

“ఓ అవ్వా! ఎందుకే?”

“పైది లేవాలి. ఇది ఉంటే పైది లేవదు.”

వారానికి కింద ఇంకో చిగురొచ్చింది, గిల్లారు. తర్వాత రెండొచ్చాయి, గిల్లారు. పైన కొమ్మలు కొసల నుంచి నల్లబడుతూ కిందికి దిగుతున్నాయి. గోటితో గీరి చూస్తే మొదట్లో పచ్చగా కనిపించేది, రాను రాను గోధుమరంగు. ఆమెకు కనపడకపోలేదు. మల్లవ్వ బతిమాలింది, తర్వాత తిట్టింది.

“పైది సచ్చిపొయ్యిందే! నీకు నాకన్న ఎర్క. కిందిదన్న బతుకనియ్యరాదు?”

“కిందిది బతికితే నాకేంటే? కిందిది రోడ్డు మీద టెంక వేసినా మొలుస్తుంది.”

“మొలుస్తదేమో గని, గిన్నేండ్లు గా పిట్టలను మోసింది గిదే గదా. మీ ఆయన చెయ్యివెట్టింది కిందిదాని మీద గూడనే గదా.”

మర్నాడు కింద ఇంకో చిగురుంటే, దాని ముందు సుబ్బులుగారు చాలాసేపు కూర్చున్నారట. గిల్లకుండానే లేచి వెళ్లారు. నీళ్లు పెడుతూ పెడుతూ తిరిగొచ్చి గిల్లేశారు.

తర్వాత చిగురు రాలేదు.

శ్రావణం వెళ్లింది. వినాయకచవితి దగ్గరపడింది. చవితి మొక్కల బేరానికి జాగా కావాలి. ఇక చాలనుకున్నారో ఏమో, “రావే, సంచి బోర్లిద్దాం,” అన్నారు మల్లవ్వతో. ఇద్దరూ కలిసి ఒరగదోశారు. మట్టిగడ్డ సగానికి విడిపోయింది. లోపల, మొదటి సగం కోసిన వైపు, తెల్లగా దారాల్లాంటి పిల్లవేళ్లు. కొత్తవి. తడిగా ఉన్నాయి.

ఇద్దరూ ఒకేసారి చూశారు. సుబ్బులుగారు “ఎత్తు, ఎత్తు,” అని గబగబా మట్టి దోసిళ్లతో కూరడం మొదలుపెట్టారు. మల్లవ్వ కాండం పట్టుకుంది. బుడిపె దగ్గర అది కటుక్కున విరిగి పైభాగం ఆమె చేతిలోకి వచ్చేసింది. అయినా కింది మోడును సంచిలో నిలబెట్టి, మట్టి కప్పి, నొక్కి, నీళ్లు పోశారు. దసరా దాకా రోజూ పోశారు. రాలేదు.

ఇదంతా చెప్పి సుబ్బులుగారు నన్ను అడిగారు. “గిల్లకుండా ఉంటే బతికేదంటారా?”

బతికేదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నేను, “ఎండలు కదండీ,” అన్నాను.

“అవును, ఎండలే,” అన్నారు ఆమె నా కోసం.

అప్పుడే రోడ్డు పక్కన కారు ఆగింది. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లలా ఉన్నారు, భార్యాభర్తలిద్దరూ గోదావరి వైపు మాట. గేటు పక్కకి కొత్తపల్లి కొబ్బరి మామిడి అంటు ఉందా అని అడిగారు.

సుబ్బులుగారు లేచి చీర దులుపుకున్నారు. “ఇప్పుడు లేదమ్మా. వచ్చే లోడులో తెప్పిస్తాను. ఎంత ఎత్తుది కావాలి?”